తెల్ల ఎలుకకూ వైద్యముంది – మందు కొలతలోనే ప్రాణం

పొలంలో ఎలుక కనిపిస్తే కర్ర పట్టుకునే రైతు ఇంట్లోనే పిల్లలు పట్నం నుంచి తెల్ల ఎలుకలు తెచ్చి పంజరంలో పెంచుకోవడం కద్దు. వినాయకుని వాహనమని పెద్దలూ ఊరుకుంటారు. చిక్కంతా అది జబ్బు పడినప్పుడే. మనుషుల మాత్ర ముక్కో, గొర్రెల మందు చుక్కో పోస్తే జబ్బు కంటే ముందు ఆ మందే ప్రాణం తీయవచ్చు.

ఎదిగిన పెంపుడు చిట్టెలుక బరువు 20 నుంచి 40 గ్రాములు. బంగారం లెక్కలో చెప్పాలంటే రెండు నుంచి నాలుగు తులాలు. 400 కిలోల ఆవుతో సరితూగాలంటే ఇలాంటివి 10 వేలకు తక్కువ కాకుండా కావాలి. అందుకే వైద్యుడు ముందు ఎలుకను తూచి, ఆ తర్వాతే మందు కొలుస్తాడు. గజ్జి పురుగులు పట్టి ఒళ్లు గీరుకుంటూ బొచ్చు రాలుతుంటే ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది. గొర్రెలకు వాడేదీ అదే మందు. కానీ గొర్రెల సీసా నుంచి ఉజ్జాయింపుగా పోయడం ప్రమాదకరం.

ఎక్కువగా కనిపించేది ఊపిరితిత్తుల జబ్బు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి ఒక ముఖ్య కారణం. ఊపిరి తీసినప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది. వైద్యుడిచ్చే మందులతో తగ్గినా మళ్లీ తిరగబెట్టవచ్చు. మూత్రంతో తడిసిన పరుపు నుంచి లేచే ఘాటు ఈ జబ్బును ముదర పెడుతుంది. దుమ్ము లేని కాగితపు ముక్కలు పరిచి, తడిసినవి తీసేస్తూ ఉంటే సగం వైద్యం ఇంట్లోనే జరిగినట్లు.

ఎలుక తన జబ్బును దాచుకుంటుంది. బొచ్చు నిక్కబొడుచుకుని, నడుం వంచి, మేత మాని మూల కూర్చుందంటే జబ్బు ముదిరిందని అర్థం. రేపు చూద్దామనుకుంటే రేపటికి ఉండకపోవచ్చు. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక కొరకడానికి చెక్క ముక్క వేయాలి. ఆడా మగా కలిపి ఉంచితే మూడు వారాలకే పిల్లలు. ఆయుష్షు సుమారు రెండేళ్లే.

పల్లెల్లో మరో గండం ఎలుకల మందు. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. బ్రోమడయోలోన్ తింటే కొన్ని రోజులకు లోపల రక్తస్రావమవుతుంది. దానికి విటమిన్ కె1 విరుగుడు. పొలానికి తెచ్చిన ఎర పంజరం ఉన్న గదిలోకి రాకూడదు, పిల్లల చేతికీ అందకూడదు. ఎలుకను పట్టుకున్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కరిస్తే గాయం కడిగి డాక్టరుకు చూపించాలి.

పశువుల ఆస్పత్రికి ఎలుకను తీసుకెళ్తే నవ్వుతారని సంకోచించనక్కరలేదు. అక్కడ వీలుకాకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి. బస్సులో తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే డబ్బాలో పెట్టి, దాహానికి కీరదోస ముక్క వేయాలి. వేసవిలో మిట్టమధ్యాహ్నం బస్సు కన్నా పొద్దున్నే మొదటి బస్సు మేలు.