వెనక వరస అమ్మాయిలు

రాజమండ్రిలోనో కాకినాడలోనో కాలేజీలో హాకీ కర్ర పట్టిన అమ్మాయి, "నన్ను బ్యాక్‌లో వేశారమ్మా, ఇంక గోలు కొట్టే యోగం లేదు" అని మొహం చిన్నబుచ్చుకుంటే తల్లి ఏం చెప్పాలి? వెనక నిలబడడం తక్కువ పనేమీ కాదని చెప్పాలి.

ఎదుటివాళ్ళ బంతిని అడ్డుకుని ఊరికే దూరంగా కొట్టేస్తే, అది మళ్ళీ వాళ్ళకే దొరకవచ్చు. కనక బ్యాక్ తలెత్తి చూసి, ముందున్న తోటి పిల్లకు అందించాలి. దారి ఖాళీగా ఉంటే తానే తీసుకుపోవాలి. అయితే ఒక్క షరతు. ఒకరు ముందుకు కదిలితే రెండోవారు కాస్త వెనక్కి, మధ్యకు జరగాలి. వీధి తలుపు తీయడానికి ఒకరు వెళితే, పొయ్యి మీది పాలు ఇంకొకరు చూసుకోవద్దూ? ఇద్దరూ ఒకేసారి వెళ్ళారో, బంతి చేజారగానే గోల్ కీపర్ ఒంటరిదైపోతుంది. మైదానమంతా వెనకనుంచి కనబడేది ఆమెకే. ఆమె వేసే కేక వినాలి. భారత జట్టుకు గోల్ కీపర్‌గా ఆడిన ఇ. రజని మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయే సుమండీ!

2021 ఆగస్టు 2న టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మన అమ్మాయిలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించారు. పెనాల్టీ కార్నర్‌లో ఆ ఒక్క గోలూ కొట్టిన గుర్జీత్ కౌర్ ఆడేది వెనక వరసలోనే! ఆట ముగిసేదాకా ఆ గోలును నిలబెట్టిందీ గోల్ కీపర్ సవిత, ఆ వెనక వరసే.

కనక ఈసారి మ్యాచికి వెళితే, బంతితో ముందుకురికిన పిల్లనే కాదు, ఆమెకోసం వెనక ఆగిన పిల్లనూ మెచ్చుకోండి.