సైకిలునకు తగిన బోల్టు

చేతికి గట్టిగా తగిలిన బోల్టు బిగిసినట్లే యని నేను చాలకాలము నమ్మియుంటిని. ఆ నమ్మకము ఒకనాటి సాయంకాలము కాలువగట్టు మీద సడలినది. మా చెల్లెలి కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, నా సైకిలు వెనుక క్యారియరుపై కూర్చుండియుండెను. ఉన్నట్టుండి క్యారియరు ఎడమకాలు ఊడి చక్రపు పుల్లలలో చిక్కుకొనెను. ఇద్దరమును పడితిమి. కాలువవైపు గాక దారివైపు పడుట మా అదృష్టము. పిల్లకు మోచేయి గీచుకొనిపోవుటతో సరిపోయినది. దుమ్ము దులుపుకొనుచు అది నన్ను అడిగిన మాట యొక్కటే: “బిగించానన్నావు గదా, మామయ్యా?”

బిగించిన మాట నిజమే. అసలు బోల్టు ఎక్కడనో జారిపోగా, ఇంటిలోని పాత డబ్బా వెదకి అట్టిదే యొకటి తీసితిని. రెండు చుట్లు వ్రేళ్లతోనే తిరిగినది. పిమ్మట మొరాయించినది. పానా పట్టి బలముకొద్ది త్రిప్పితిని. ఎంత గట్టిగా పట్టినదో యని సంతోషించితిని గూడ. అది పట్టుట కాదు, పోట్లాట. బోల్టు మరయు రంధ్రపు మరయు ఒకదాని నొకటి కొరుకుకొనుచుండగా, ఆ పెనుగులాటను నేను బిగువనుకొంటిని.

నేటి సైకిళ్లలో క్యారియరు, మడ్గార్డు, నీళ్లసీసా గూడు మొదలగు వానికై ఫ్రేములో మర కోసిన చిన్న రంధ్రములుండును. వీనికి సాధారణముగా పట్టునది ఎం-5 అను బోల్టు. దాని మర వెలుపలి వ్యాసము 5 మిల్లీమీటర్లు. చుట్టునకు చుట్టునకు నడుమ దూరము 0.8 మిల్లీమీటరు. నా డబ్బాలోనిదో, అంగుళములో మూడు వీసముల బోల్టు, అనగా సుమారు 4.76 మిల్లీమీటర్లు. కంటికి భేదము తెలియదు. కాని అది 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అను ఆంగ్లేయుడు ప్రతిపాదించిన పద్ధతిది; అంగుళమునకు 24 చుట్లే గనుక చుట్ల నడుమ దూరము ఒక మిల్లీమీటరునకు మించును. మర పల్లముల కోణము గూడ వేరు: దానికి 55 డిగ్రీలు, మెట్రిక్ మరకు 60. మొదటి చుట్లలో ఈ తేడా కానరాదు. పోనుపోను పేరుకొని అడ్డుపడును.

బిగువు ఏల కావలెనో కొంచెము చెప్పవలెను. సరిగా బిగించిన బోల్టు కంటికి కానరానంత సాగి, స్ప్రింగువలె వెనుకకు లాగుచుండును. ఆ లాగుడు క్యారియరుకాలిని ఫ్రేమునకు అదిమిపెట్టును. బరువును మోయునది ముఖ్యముగా ఆ రెండు తలముల నడుమ ఒరపిడి. అదుము లేనిచో కాలు ప్రతి గతుకునను ఇసుమంత కదలును. ఆ కదలికయే బోల్టును కొంచెము కొంచెముగా వెనుకకు త్రిప్పివేయును. నా బోల్టు సాగనేలేదు. నా బలమంతయు మరలను చెరచుటకే చెల్లిపోయినది.

మా తండ్రిగారి పాత సైకిలునకు ఈ చిక్కు లేకుండెను. దాని క్యారియరుకాళ్లు వెనుక ఇరుసు నట్టు క్రిందనే బిగియుచుండెను. ఆ ఇరుసు మర అంగుళమునకు 26 చుట్లది. అట్టి నట్టులను కొత్త సైకిళ్లకు తొడుగబోవుట మరియొక పొరపాటు.

కావున పరీక్ష యిది. బోల్టు వ్రేళ్లతోనే తుదివరకు పోవలెను. తల వాషరునకు ఆనిన పిమ్మటనే పానా పట్టవలెను. నడుమ మొరాయించినచో తీసివేసి, మర తుడిచి చూడుడు. అప్పటికిని పోనిచో అది మీ బోల్టు కాదు.

ఇక పొడవు. ఉక్కు రంధ్రములో కనీసము 5 మిల్లీమీటర్ల మర పట్టవలెను. అల్యూమినియము మెత్తనిది గనుక, రంధ్రము లోతున్నచో, ఏడెనిమిది మేలు. పొట్టి బోల్టు మరను ఊడదీయును. అట్లని పొడవుది వేసితిరా, కుడివైపున అది లోపలికి పొడుచుకొనిపోయి గొలుసునకో చిన్న పండ్లచక్రమునకో తగులును. ఎడమవైపున రెండు చుట్లు బయటికి వచ్చినను బాధలేదు.

బరువు మోయు చోట తలపై ఏ గురుతును లేని బోల్టును నేనిప్పుడు వాడను. 8.8 అని యున్నచో అది చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటన్ల లాగుడు వరకు తెగని ఉక్కు. తుప్పు పట్టని ఉక్కు బోల్టుపై ఎ2-70 అని యుండును, దానికి 700. సముద్రతీర వాసులకు ఇదియే మేలు. అయితే అల్యూమినియములో వేయునపుడు కొంచెము గ్రీజు పూయవలెను, లేనిచో ఉప్పుగాలికి రెండు లోహములును కరచుకొనిపోవును. నీళ్లసీసా గూటి కింత విచారము అక్కరలేదు.

చెడిన నా రంధ్రమును 5 మిల్లీమీటర్లకు తొలిపించి, ఎం-6 మర కోయించితిని. మేనకోడలు మరల క్యారియరు ఎక్కుటకు ఒప్పుకొన్నది. అయితే ఎక్కుటకు ముందు ప్రతిసారి వంగి, ఆ బోల్టుతలను వ్రేళ్లతో త్రిప్పిచూచును. కదలకున్నచో కూర్చుండును.