జాకెట్టు ముక్కకు జడ భాగ్యం

మనలో ఎవరి బీరువా తెరిచినా అడుగు అరలో ఒక మూట ఉంటుంది. శ్రావణమాసం పేరంటాలు, నోములు, గృహప్రవేశాలు... వెళ్లిన చోటల్లా బొట్టు పెట్టి చేతిలో పెట్టిన జాకెట్టు ముక్కలు. వాటికి నప్పే చీర మన దగ్గర ఉండదు. కుట్టిద్దామంటే ముక్క ఖరీదు కంటే కుట్టుకూలీ ఎక్కువ. అందుకని ఇంకో పేరంటంలో ఇంకొకరికి పెట్టేస్తాం. వాళ్లు మరొకరికి పెడతారు. అలా ఊరంతా తిరిగి మన ముక్క మన ఇంటికే వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు!

ఆ మూటలోంచే ఆడపిల్లల తలకు కావలసిన బ్యాండ్లు, కుచ్చులు బోలెడు వస్తాయి.

“ఇరవై రూపాయలే కదమ్మా” అంటుంది మా చిన్నది ఫ్యాన్సీ షాపు ముందు నిలబడి. నిజమే, ఇరవయ్యే. కానీ ఇద్దరాడపిల్లలకీ కలిపి నెలకి ఆరు బ్యాండ్లు మాయమవుతాయి. ఒకటి స్కూల్లో, ఒకటి ఆటోలో, ఒకటి స్నేహితురాలి తలలో! నెలకి 120 రూపాయలు, ఏడాదికి 1,440. నాలాగా ఇంటిఖర్చులోంచే పోపుల డబ్బాలో నాలుగు రూపాయలు దాచుకునేవాళ్లకి ఇదేం చిన్న మొత్తం కాదు.

బిగిస్తే బెడదే

డబ్బు సంగతి ఒక్కటే అయితే ఇంతగా చెప్పేదాన్ని కాదు. మా అక్క కూతురు హాస్టల్లో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే సన్నటి రబ్బరు బ్యాండుతో జుట్టంతా వెనక్కి లాగి కట్టుకునేది. చెదరకుండా ఉండాలని మూడు నాలుగు చుట్లు తిప్పేది. రెండేళ్లకి కణతల దగ్గర జుట్టు పల్చబడి మాడు కనిపించడం మొదలైంది. ఇరవై ఏళ్లు నిండని పిల్ల, ఫోటో తీస్తామంటే మొహం పక్కకి తిప్పుకునేది.

రోజూ ఒకేచోట లాగి కట్టడంవల్ల కుదుళ్లు దెబ్బతిని ఇలా అవుతుందని చర్మవైద్యులు చెబుతారు. దీన్ని ‘ట్రాక్షన్ అలోపేషియా’ అంటారు. మొదట్లోనే గమనించి వదులుగా కట్టుకుంటే జుట్టు మళ్లీ వస్తుంది. ఏళ్లతరబడి అలాగే సాగితే కుదురు చచ్చిపోయి ఆ చోట ఇక మొలవదు. మా పిల్లది అదృష్టవంతురాలు, త్వరగానే చూపించుకుంది.

గుడ్డ తొడిగిన బ్యాండు వెంట్రుకని కోయదు, చిక్కు పెట్టదు. అమెరికాలో రోమీ రెవ్‌సన్ అనే గాయని తన జుట్టు తెగిపోకుండా ఉండాలనే ఇలాంటి బ్యాండు తయారుచేసి 1987లో పేటెంటు పొందింది. పైజామా నడుము దగ్గరి ఎలాస్టిక్ చూసి ఆమెకి ఆ ఆలోచన వచ్చిందట. ఇప్పుడు ‘స్క్రంచీ’ అని మన పిల్లలు అడిగేది అదే. అయితే గుడ్డదైనా సరే, మూడు చుట్లు బిగిస్తే ఫలితం మామూలే. వదులుగా కట్టడం ముఖ్యం.

కుట్టే విధానం

కొత్త ముక్కని ముందు ఒకసారి నీళ్లలో తడిపి ఆరేయండి. రంగు పోయేదీ, ముడుచుకునేదీ అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఇస్త్రీ చేసి 4 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవున పట్టీలు కత్తిరించండి. 80 సెంటీమీటర్ల ముక్క 36 అంగుళాల పన్నా అయితే 14 పట్టీలు వస్తాయి. ఒత్తు జుట్టున్నవాళ్లకి పొడవు 22 అంగుళాలు ఉండాలి.

పట్టీని లోపలివైపు పైకి వచ్చేలా నిలువుగా మడిచి, అంచుకి పావు అంగుళం వదిలి పొడవునా కుట్టండి. మిషను లేకపోతే చేత్తో దగ్గర దగ్గరగా కుట్టినా చాలు. ఒక చివర పిన్నీసు గుచ్చి, గొట్టంలోంచి దూర్చి అటువైపు లాగితే మంచివైపు బయటికొస్తుంది. అదే పిన్నీసుతో 7 అంగుళాల ఎలాస్టిక్ ఎక్కించండి. దాని రెండు కొసల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి గట్టిగా కుట్టి, గుడ్డ కొసల్ని ఒకదాంట్లో ఒకటి దోపి చేత్తో మూసెయ్యండి. మీటరు ఎలాస్టిక్‌లో అయిదు బ్యాండ్లవుతాయి. సిల్కు, శాటిన్ అయితే జుట్టుమీద నున్నగా జారతాయి. నూలుదైతే పట్టు బాగుంటుంది.

పండక్కి కుచ్చులు

జడగంటలు పెట్టుకోమంటే ఈకాలం పిల్లలు “బరువమ్మా” అంటారు. పట్టుదారంతో కుచ్చులు చేసివ్వండి. మూడంగుళాల అట్టముక్క మీద దారం 80 చుట్లు చుట్టి, పైకొసన దారం దూర్చి ముడి వేయండి. అట్ట తీసేసి, ముడికి అరంగుళం కింద జరీదారంతో బిగించి చుట్టి, కింది కొసలు కత్తిరిస్తే ఒక కుచ్చు తయారు. ఇలాంటివి మూడు, నడిమిది కాస్త కిందికి ఉండేలా ఒక తాడుకి కట్టండి. జడ సగం అల్లాక తాడు కొసల్ని పాయల్లో కలిపి అల్లితే ఊడిపోవు.

పాత ప్లాస్టిక్ హెయిర్ బ్యాండు రంగు పోయిందని పారేయకండి. చిరిగిన పట్టుచీర అంచుని అంగుళం పట్టీగా కత్తిరించి, గమ్ము రాస్తూ ఏటవాలుగా చుట్టుకుంటూ పోతే పెళ్లికి పెట్టుకెళ్లేలా ఉంటుంది. పూసలు కుట్టాలనిపిస్తే బయటివైపే కుట్టండి, లోపలుంటే వెంట్రుకలు చిక్కుకుంటాయి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలవాటికి మాత్రం పూసలు వద్దేవద్దు.

వారానికోసారి వీటిని కుంకుడు రసంలో ఉతికితే నూనె జిడ్డు పోతుంది. తడిజుట్టుకి ఏ బ్యాండూ పెట్టకండి, తడి వెంట్రుక తేలిగ్గా తెగిపోతుంది.

దువ్వెనకొచ్చిన వెంట్రుకల్ని కూడా దాచి సవరం కట్టించుకున్న అమ్మమ్మలున్న ఇళ్లు మనవి. జాకెట్టు ముక్కనెందుకు వదలాలి? మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రంగు తననే ఎంచుకోమనండి, పిన్నీసు దూర్చే పని తనకే ఇవ్వండి. మా చిన్నది తను కుట్టిన బ్యాండు ఇంతవరకూ ఒక్కటీ పారేసుకోలేదు!