సిఎన్‌సి డ్రిల్లింగ్

కంప్యూటరు సంకేతాలతో నడిచే యంత్రంపై లోహానికి రంధ్రాలు వేయుటను సిఎన్‌సి డ్రిల్లింగ్ అంటారు. హైదరాబాదులోని బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి సంస్థలు సిఎన్‌సి యంత్రాలపై శిక్షణ ఇస్తున్నాయి.

ప్రోగ్రాము

ఫ్యానుక్ తరహా యంత్రాలలో తక్కువ లోతుకు జి81, వ్యాసానికి సుమారు మూడు రెట్లు మించిన లోతుకు జి83 వాడతారు. ఉదాహరణకు 40 మి.మీ. మందపు మెత్తని ఉక్కు పలకలో 10 మి.మీ. రంధ్రానికి:

జి98 జి83 ఎక్స్50.0 వై30.0 జడ్-44.0 ఆర్2.0 క్యూ5.0 ఎఫ్159.0

కోత వేగం నిమిషానికి 25 మీటర్లయితే భ్రమణాలు 1000×25÷(3.14×10), అనగా సుమారు 796. భ్రమణానికి 0.2 మి.మీ. చొప్పున దిగితే ఎఫ్ విలువ 159. డ్రిల్లు మొన ఎత్తు సుమారు 3 మి.మీ. కావున, రంధ్రం పూర్తిగా తెగుటకు జడ్ లోతును 44గా తీసుకోవాలి. క్యూ అనగా ఒక్కో విడతలో దిగే లోతు. ప్రతి విడత తరువాత డ్రిల్లు ఆర్ ఎత్తుకు వచ్చి లోహపు ముక్కలను వెలుపలికి తెస్తుంది.

సమస్యలు, పరిష్కారాలు

* డ్రిల్లు విరుగుట: లోతైన రంధ్రంలో ముక్కలు ఇరుక్కొనుట ముఖ్య కారణం. క్యూ తగ్గించి, కూలెంట్ రంధ్రంలోకి చేరుతున్నదో లేదో చూడాలి.
* రంధ్రం పక్కకు జరుగుట: ముందుగా సెంటర్ డ్రిల్లుతో గుర్తు వేయాలి.
* రంధ్రం పెద్దదగుట: మొన అంచులు రెండూ సమానంగా సానపట్టాలి.
* అక్కరలేని చోట రంధ్రం పడుట: చివర జి80 రాయనిచో, తరువాతి స్థానంలోనూ డ్రిల్లు దిగి వస్తువు పాడవుతుంది.
* దశాంశ బిందువు మరచుట: కొన్ని యంత్రాలు జడ్-44ను 0.044 మి.మీ.గా గ్రహిస్తాయి.

కొత్త ప్రోగ్రామును మొదట సింగిల్ బ్లాక్ పద్ధతిలో, వస్తువుకు పైన గాలిలో నడిపి చూచుట క్షేమం.