భోగి తెల్లారి వేణ్ణీళ్లు రాలేదు

భోగి పండగ. తెల్లవారుజాము నాలుగున్నర. వింజమూరులో మా వీధి మొత్తం మంటల వెలుగులో ఉంది. బెంగళూరు నుంచి ముందురోజు రాత్రే బస్సు దిగాను. తలకు నూనె పెట్టుకుని అవ్వ పీట మీద కూర్చుంది. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి గీజర్ కొళాయి తిప్పాను. నీళ్లు వచ్చాయి. చల్లగా!

"గీజరు పనిచెయ్యటం లేదబ్బయా. పది దినాలయింది. నువ్వొస్తావు గదా, చూస్తావులే అని ఊరుకున్నా" అంది అమ్మ.

నాకు లోపల కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే దీపావళికి కూడా ఇదే గీజర్ ఇలాగే ఆగింది. అప్పుడు కింద మూత తీసి, అక్కడున్న చిన్న బటన్ నొక్కాను. 'టక్' అంది. మళ్లీ వేడెక్కింది. రెండు నిమిషాల పని. "మావాడు ఇంజినీరు గదా" అని అమ్మ పక్కింట్లో కూడా చెప్పుకుంది. అసలది ఎందుకు ఆగిందో నేను చూడలేదు. ఆఫీసులో సర్వర్ ఆగితే రీస్టార్ట్ చేసి, కారణం వెతక్కుండా టికెట్ మూసేసేవాళ్లను మేం తిట్టుకుంటాం. ఇంటికొచ్చి నేను చేసిందీ అదే.

ఆ పూటకు నాయన గట్టెక్కించాడు. అటక మీది రాగి కాగు దింపి భోగి మంట పక్కన మూడు రాళ్ల మీద పెట్టాడు. అవ్వ తలంటు అయిపోయింది. గీజర్ సంగతి మాత్రం నా మీద పడింది.

ముందు కరెంటు, తర్వాతే గీజర్

గీజర్ అన్న మాట ఐస్‌లాండ్‌లోని 'గేసిర్' అనే వేడినీటి బుగ్గ పేరు నుంచి వచ్చింది. చలిదేశాల్లో ఇంటి బాయిలర్ అంటే పెద్ద యంత్రాంగం. స్నానాలకు నీళ్లూ, గదులకు వెచ్చదనమూ దాని నుంచే. మంచు కాలంలో అది ఆగితే ఇల్లే గడ్డకడుతుంది. మన ఇళ్లలో గీజర్ దానికి చిన్న చెల్లెలు. ఒక తొట్టి, లోపల వేడిచేసే కాయిల్, వేడి చాలనగానే ఆపే థర్మోస్టాట్, అది విఫలమైతే కరెంటు తెంపేసే కటౌట్. ఇంతే సామాను. కాబట్టి లోపం ఎక్కడుందో వరసగా వెతకొచ్చు.

మొదటిది కరెంటు. చాలామంది ప్లగ్గులో టెస్టర్ పెట్టి, లైటు వెలిగితే కరెంటుందని తేల్చేస్తారు. టెస్టర్ ఫేజ్ ఉందని మాత్రమే చెబుతుంది. న్యూట్రల్ తెగిపోయినా అది వెలుగుతూనే ఉంటుంది. కాలేజీలో కొన్న మల్టీమీటర్ బీరువాలో దొరికింది. దాంతో చూస్తే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 180 వోల్టులు.

ఉండాల్సింది 230. తక్కువే గానీ గీజర్ ఆగిపోయేంత కాదు. అయితే ఇక్కడ ఒక లెక్కుంది. వోల్టేజీ తగ్గితే కాయిల్ ఇచ్చే వేడి అంతకంటే వేగంగా పడిపోతుంది. 2000 వాట్ల కాయిల్ 180 వోల్టుల దగ్గర 1225 వాట్లే ఇస్తుంది. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావడానికి మామూలుగా 18 నిమిషాలు చాలు. ఈ వోల్టేజీకి అరగంట పడుతుంది. పండగ తెల్లారుజామున ఊరంతా ఒకేసారి స్విచ్చులేస్తే "గీజరు పాడైంది" అనిపించేది ఒక్కోసారి ఇందుకే. కొంచెం ఆగి చూస్తే సరిపోతుంది.

మాది అది కాదు. అరగంటైనా గోరువెచ్చన కూడా కాలేదు. మెయిన్ ఆపి, మూత తీసి, మళ్లీ ఆ బటన్ నొక్కాను. టక్. స్విచ్ వేస్తే వేడెక్కడం మొదలైంది. పది నిమిషాలకు మళ్లీ ఆగిపోయింది. దీపావళి మందు ఈసారి పారలేదు.

రెండు వైర్లు కలిపేస్తే పోలా?

పండగ మూడు రోజులూ ఎవరూ దొరకలేదు. ముక్కనుమ నాడు ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. ఐదు నిమిషాల్లో తేల్చేశాడు.

"కటౌట్ తెంచుతుండాది తమ్ముడూ. దాన్ని తీసేసి రెండు వైర్లు డైరెక్టు చేసేస్తా. ఇంక జన్మలో ఆగదు. ఈ ఊరి నీళ్లకు అందరిళ్లల్లో ఇదే."

నిజం చెప్పాలంటే సరే అనబోయాను. ఆ రాత్రికే బస్సు. మర్నాడు ఉదయం పదికి మీటింగు. అవ్వ మోకాళ్ల నొప్పులకు రోజూ వేణ్ణీళ్లు కావాలి.

సరిగ్గా అప్పుడే అమ్మ అవ్వ కోసం స్టీలు బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి స్విచ్ వేసింది. ఈ పది రోజులూ ఆ రాడ్డుతోనే నడుస్తోందట. వేసి చెయ్యి విదిలించుకుంది.

"ఏందమ్మా?"

"ఏం లేదులేరా. బకెట్టు తగిల్తే రోంత చిమచిమలాడతా ఉంటది. చెప్పులేసుకుంటే ఏం కాదు."

నాకు ఒళ్లు జలదరించింది. వెంటనే స్విచ్ ఆపి, ఆ ప్లగ్గులో మల్టీమీటర్ పెట్టాను. ఫేజ్ నుంచి న్యూట్రల్‌కి బాగానే ఉంది. ఫేజ్ నుంచి ఎర్త్‌కి కూడా దాదాపు అంతే రావాలి. రాలేదు. 40, 60, 35 అంటూ అంకె ఊగుతోంది. అంటే ఆ మూడో రంధ్రం వెనక ఏమీ లేదు. గీజర్ ప్లగ్గుదీ అదే కథ. బోర్డు విప్పితే ఎర్త్ వైరు ఎక్కడికీ కలపకుండా చుట్టి లోపల కుక్కి ఉంది. ఇల్లు కట్టి పన్నెండేళ్లయింది. పన్నెండేళ్లుగా అంతే.

ఎర్త్ అంటే ఏమిటో నేను పరీక్షల్లో రాశాను. లోపల కరెంటు కారి లోహానికి తగిలితే, అది మన ఒంట్లోంచి కాకుండా వైరు ద్వారా నేలలోకి పోవడానికి దారి. ఆ దారి లేకపోతే మిగిలిన దారి తడి చేతులతో, వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషే. మా అమ్మ పది రోజులు ఆ దారిలో నిలబడింది. దాన్ని 'చిమచిమ' అని ఊరుకుంది. ఆ రాడ్డు ఇంకొంచెం చెడి ఉంటే నేను పండక్కి వచ్చి ఉండేవాణ్ని కాదు, ఇంకెందుకో వచ్చేవాణ్ని.

బస్సు టికెట్ రద్దు చేశాను.

కాయిల్ మీద సున్నపురాయి

"డైరెక్టు వద్దన్నా. అది ఎందుకు తెంచుతోందో చూద్దాం" అన్నాను. ఆయనేం నొచ్చుకోలేదు. "చూద్దామంటే నాకూ ఇష్టమే తమ్ముడూ. సాయంత్రానికి వేడినీళ్లు రావాలంటారు గాని, ఎందుకు ఆగిందని ఎవురూ అడగరు" అన్నాడు.

మెయిన్ ఆపి, నీళ్లు వంపేసి, కింది ప్లేటు విప్పాం. ముందు ఓ దోసెడు తెల్లటి పెళ్లలు రాలాయి. తర్వాత కాయిల్ బయటికొచ్చింది. అది కాయిల్‌లా లేదు, సున్నం పూసిన చెరుకు ముక్కలా ఉంది.

మా మెట్ట ప్రాంతంలో బోరునీళ్లే ఆధారం. అవి చవుడు నీళ్లు. గ్లాసు ఆరితే తెల్ల మరక పడుతుంది, పప్పు తొందరగా ఉడకదు. తాగేనీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఇలాంటి నీళ్లు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ విడిపోయి, కరగని కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. అంటే సున్నపురాయి. అది అన్నిటికంటే వేడిగా ఉన్నచోటే పేరుకుంటుంది. కాయిల్ మీదే!

ఆ పొర దుప్పటిలా పనిచేస్తుంది. కాయిల్ వేడి నీళ్లలోకి పోలేక అక్కడే పోగవుతుంది. కటౌట్ ఆ వేడికి భయపడి కరెంటు తెంపేస్తుంది. అంటే పాడైంది కటౌట్ కాదు. ఆ గీజర్‌లో తన పని సరిగ్గా చేస్తున్నది అదొక్కటే. దాన్ని తీసేసి, ఏదో ఒకరోజు థర్మోస్టాట్ కూడా అతుక్కుపోతే నీళ్లు మరుగుతూనే ఉంటాయి. ఒత్తిడి వదలాల్సిన సేఫ్టీ వాల్వు కూడా ఇదే సున్నంతో బిగుసుకుపోతే తొట్టి పగిలిపోవచ్చు.

కాయిల్ రెండు కొసల మధ్య మల్టీమీటర్ 26 ఓములు చూపింది. 2000 వాట్ల కాయిల్‌కి సరిగ్గా అంతే ఉండాలి. కొస నుంచి పైతొడుగుకి దారి లేదు, అంటే మీటరు చూసినంత వరకు లీకు లేదు. తుప్పు తొట్టిని తినకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. అది మాత్రం చీపురుపుల్లంత మిగిలింది. మార్చాల్సిందే.

సున్నం ఎలా వదిలించాలా అని మేం ఆలోచిస్తుంటే అవ్వ అందుకుంది. "కాగుకు పట్టిన రాయి ఎట్ట బోతది? చింతపండు నానేసి రుద్దమూ?"

అదే రసాయనశాస్త్రం. పులుపులో ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. చింతపండు బదులు కొట్టులో నిమ్మఉప్పు తెచ్చి, ప్లాస్టిక్ బకెట్లో గోరువెచ్చని నీళ్లలో కలిపి కాయిల్ ముంచాం. కరెంటు కొసలు తడవకుండా పైకే ఉంచాం. సోడా తెరిచినట్టు బుస్సుమని బుడగలు. రెండు గంటలకు పొర మెత్తబడింది. ఇనుముతో గీస్తే తొడుగు దెబ్బతింటుందని, ఇంట్లో ఉన్న ఉదయగిరి చెక్క గరిటెతో గీకాను. ఆ గరిటె ఇంక వంటకు పనికిరాదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మర్నాడు అన్న పెరట్లో గరపనేల తవ్వి, రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ కట్టాడు. పని చక్కగా చేశాడు. 30 మిల్లీ యాంపియర్ల లీకుకే కరెంటు తెంపే ఆర్‌సీసీబీ కూడా మెయిన్ దగ్గర పెట్టాం. కొత్త రబ్బరు వాషరు, కొత్త మెగ్నీషియం కడ్డీ వేసి, థర్మోస్టాట్ 60 దగ్గర పెట్టాం. వేడి పెరిగేకొద్దీ సున్నం తొందరగా పడుతుంది, కాబట్టి అంతకు మించి అక్కర్లేదు. ముందు తొట్టి నింపి, వేడినీళ్ల కొళాయిలోంచి గాలి లేకుండా ధార పడ్డాకే స్విచ్ వేశాం. ఖాళీ తొట్టిలో కాయిల్ కాలిపోతుంది. ఇరవై రెండో నిమిషంలో లైటు ఆరింది. ఈసారి ఆపింది థర్మోస్టాట్.

మీ ఇంట్లో చూసుకోండి

గీజర్ ఆగితే ఈ వరసలో చూడండి. ముందు కరెంటు, వోల్టేజీ. తర్వాత కటౌట్. బటన్ ఒక్కసారి నొక్కడం తప్పు కాదు, మెయిన్ ఆపి నొక్కండి. మళ్లీ తెంపిందంటే అది మీకేదో చెబుతోంది. రెండోసారి నొక్కకుండా విప్పించండి. ఎవరు చెప్పినా కటౌట్ డైరెక్టు చేయించొద్దు. చవుడు నీళ్లున్న ఊళ్లలో ఏడాదికోసారి సున్నం తీయించండి. రాడ్డు వాడక తప్పకపోతే ప్లాస్టిక్ బకెట్ వాడండి, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఎర్త్ ఉందో లేదో మీటరు పెట్టి చూపించమనండి. ఐదు నిమిషాల పని.

ఇంకొక్క మాట. ఊళ్లో అమ్మానాన్నలుంటే ఫోన్‌లో "అంతా బాగేనా?" అని అడిగి ఊరుకోకండి. "ఏదైనా ముట్టుకుంటే చిమచిమలాడుతోందా?" అని విడిగా అడగండి. మా అమ్మ నేను అడక్కపోతే చెప్పేది కాదు.

మొన్న ఫోన్ చేస్తే చెప్పింది, పక్కింటివాళ్లు కూడా ఎర్త్ వేయిస్తున్నారట. "మావాడు ఇంజినీరు గదా" అని మళ్లీ చెప్పుకుందో లేదో నేను అడగలేదు.