చిరిగిన వీడ్ మ్యాట్: అతుకు వేయాలా, తీసేయాలా?

పండ్ల మొక్కల చుట్టూ, పూలమడుల మధ్య పరిచిన నల్లటి వీడ్ మ్యాట్ కొన్నేళ్లపాటు కలుపు బెడద లేకుండా చూస్తుంది. ఆ తర్వాత ఒకరోజు దాని మధ్యలోంచి తుంగ పోచ తల ఎత్తుతుంది. పట్టుకుని పీకితే పోచతోపాటు మ్యాట్ కూడా చిరిగి వస్తుంది. అతుకు వేస్తే సరిపోతుందా, మొత్తం తీసేయాలా? మ్యాట్ ఎందుకు చిరిగిందో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

ఎండ దెబ్బ

వీడ్ మ్యాట్‌ను ఎక్కువగా పాలీప్రొపిలీన్ పట్టీలతో నేస్తారు. నేత సందుల్లోంచి నీరు, గాలి కిందికి దిగుతాయి. వెలుతురు అందదు కాబట్టి కింద మొలిచిన కలుపు ఎదగలేదు.

ఈ ప్లాస్టిక్‌కు ప్రధాన శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పాలీప్రొపిలీన్‌లోని పొడవాటి అణు గొలుసులను తెంచుతాయి. గొలుసులు పొట్టివయ్యే కొద్దీ పట్టీ సాగే గుణం కోల్పోయి పెళుసుబారుతుంది. తయారీలో కలిపే కార్బన్ బ్లాక్ ఈ కిరణాలను పీల్చుకుని మ్యాట్ ఆయుష్షును పెంచుతుంది. మ్యాట్‌కు నలుపు రంగునిచ్చేది కూడా అదే.

కలుపు చేసే గాయం

తుంగ మొలక కొన సూదిలా ఉంటుంది. పలుచని ప్లాస్టిక్ షీటును అది పొడుచుకుని పైకి వస్తుంది. 1977లో వెలువడిన ‘ది వరల్డ్స్ వర్స్ట్ వీడ్స్’ గ్రంథం కలుపు మొక్కల్లో తుంగకే మొదటి స్థానం ఇచ్చింది. నేసిన మ్యాట్ దీన్ని మెరుగ్గా తట్టుకున్నా, నేత వదులైన చోట దారి దొరుకుతుంది.

పైనుంచీ ముప్పు ఉంది. గాలికి చేరిన దుమ్ము, రాలి కుళ్లిన ఆకులు మ్యాట్ మీద పలుచని మట్టిపొరగా మారతాయి. అందులో పడిన గింజలు మొలిచి వేళ్లను నేత సందుల్లోకి దింపుతాయి. ముదిరాక లాగితే నేత విడిపోతుంది.

వేళ్లతో పరీక్ష

చిరుగు పక్కన ఒక పట్టీని వేళ్లతో లాగి చూడాలి. తెగకుండా మొరాయిస్తే మ్యాట్ గట్టిగా ఉన్నట్టే. పుటుక్కున తెగినా, నలిపితే పొడిగా రాలినా దాని కాలం తీరినట్టే. అలాంటి దానికి అతుకు వేస్తే, అతుకు పక్కనే మళ్లీ చిరుగుతుంది.

మ్యాట్ గట్టిగా ఉంటే ముందుగా చిరుగు చుట్టూ మట్టి ఊడ్చి, కలుపును వేళ్లతో సహా తీయాలి. తుంగ అయితే నేలలోని దుంపలనూ తవ్వి తీయాలి. చిరుగు కంటే ప్రతి వైపూ 15 సెంటీమీటర్లు పెద్దదిగా అదే రకం ముక్కను కత్తిరించి, చిరుగు కిందికి జొనిపి, అంచుల వెంట ‘యు’ ఆకారపు ఇనుప పిన్నులు దిగ్గొట్టాలి. ఏటవాలు నేలలో మాత్రం పై వైపు అంచు అతుకు మీదికి రావాలి. అప్పుడు వాన నీరు మట్టిని అతుకు కిందికి తోయదు.

పొడి అయ్యేలోపే

పెళుసుబారిన మ్యాట్‌ను అలాగే వదిలేస్తే అది మాయమైపోదు. ముక్కలు ముక్కలై, చివరికి 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవైన సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులుగా మట్టిలో కలుస్తుంది. ఆ దశలో ఏరి తీయడం దాదాపు అసాధ్యం. 2019లో ప్రపంచవ్యాప్తంగా పంటల సాగులో, పశుపోషణలో 1.25 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వస్తువులు వాడారని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2021 నివేదికలో అంచనా వేసింది. పెరటి మ్యాట్ ఆ లెక్కలో చిన్నదే అయినా, దాని రేణువులు చేరేది ఆ పెరటి మట్టిలోకే.

అందుకే మ్యాట్ ఇంకా చుట్ట చుట్టడానికి వీలుగా ఉన్నప్పుడే తీసేయాలి. నేల కాస్త తడిగా ఉన్నప్పుడు, గుచ్చుకున్న వేళ్లను కత్తితో కోస్తూ ఒక చివర నుంచి మెల్లగా చుట్టుకురావాలి. మిగిలిన ముక్కలను చేత్తో ఏరాకే నేల తవ్వాలి. తీసిన మ్యాట్‌ను తగలబెట్టకూడదు. ఆ పొగ విషపూరితం. మట్టి దులిపి పొడి చెత్తలో ఇవ్వాలి.

ఖాళీ అయిన నేలపై మళ్లీ మ్యాటే పరచాలని లేదు. వరిగడ్డి, ఎండుటాకులు, వేరుశనగ పొట్టు వంటివి 7 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే గింజల నుంచి మొలిచే కలుపు బాగా తగ్గుతుంది. చెదలు, కుళ్లు రాకుండా కాండానికి కొంచెం ఎడంగా పరవాలి. తుంగ దుంపలు మాత్రం వీటికి లొంగవు, వాటిని తవ్వాల్సిందే. ఈ కప్పు కూడా శిథిలమయ్యేదే, ఏటా కొత్తగా వేయాల్సిందే. కానీ అది మట్టిలో కలిశాక ఏరాల్సిన పని ఉండదు, వానపాములకు ఆహారమవుతుంది.