చూడి బర్రెకు చలికాలపు మేత

పాలిచ్చే బర్రెకు దాణా పెడతాం. పాలు మానిన బర్రెకు ఎండు గడ్డి వేస్తాం. "పాలివ్వని దానికి దాణా దండుగ" అనుకుంటాం. చాలా ఊళ్ళల్లో ఇదే అలవాటు. కాని ఆ బర్రె చూడిదైతే ఈ లెక్క తప్పు. ఇప్పుడు మిగిల్చిన దాణాకు బదులు, ఈనిన తర్వాత పాలు పోగొట్టుకుంటాం.

చిట్యాల చుట్టుపక్కల ఊళ్ళల్లో పాల పైసలతో సంఘం కిస్తీ కట్టే అక్కలున్నారు. బర్రె బలంగా ఈనితేనే ఆ కిస్తీ సాగుతుంది.

కడుపులో దూడ ఎప్పుడు పెరుగుతుంది?

బర్రె సుమారు 310 రోజులు మోస్తుంది. అంటే 10 నెలల 10 రోజులు. ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది. మొదటి నెలల్లో దూడ మెల్లగా పెరుగుతుంది. పుట్టేనాటి బరువులో సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే వస్తుంది.

గర్భిణికి అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఎందుకు పెడతారు? తల్లి తిన్నదే బిడ్డకు బలం కాబట్టి. బర్రెకూ అంతే. మేత చాలకపోతే అది తన ఒంట్లోని కండ కరిగించి దూడకు ఇస్తుంది. ఈనేసరికి బక్కచిక్కుతుంది. పాలు తగ్గుతాయి. మళ్ళీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది.

తేదీ రాసి పెట్టుకోండి

సూది వేయించిన రోజు, లేదా దున్నపోతుతో కట్టించిన రోజు గోడ మీద రాయండి. మూడు నెలలకు డాక్టరుతో చూడి పరీక్ష చేయించండి.

మార్చి 1న కట్టిందనుకోండి. జనవరి 5 ప్రాంతంలో ఈనుతుంది. అందుకు రెండు నెలల ముందు, నవంబరు మొదటి వారంలో, పాలు తీయడం మానాలి. అప్పుడే పొదుగు కోలుకుంటుంది. ఆ రెండు నెలలూ చలికాలమే. బర్రెకు తిండి ఎక్కువ కావలసింది అప్పుడే.

రోజుకు ఏం పెట్టాలి?

చలికాలంలో వరి కోతలయ్యాక గడ్డి దొరుకుతుంది. కాని వరి గడ్డితో కడుపు నిండుతుందే గాని బలం రాదు. అందుకే చివరి రెండు నెలలు ఇలా పెట్టండి:

పచ్చి గడ్డి – 15 నుంచి 20 కిలోలు
వరి గడ్డి లేదా జొన్న చొప్ప – 5, 6 కిలోలు
దాణా – 2 కిలోలు, రెండు పూటలా కలిపి
లవణ మిశ్రమం పొడి – 50 గ్రాములు
ఉప్పు – 30 గ్రాములు

పచ్చి గడ్డి లేకుంటే సుబాబుల్ ఆకు, అవిసె ఆకు కొంత కలపండి. కంది పొట్టు, పల్లి కట్టె కూడా మంచి మేతే.

10 కిలోల దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. మక్క నూక 3 కిలోలు, తవుడు మూడున్నర కిలోలు, పల్లి చెక్క లేదా పత్తి చెక్క 3 కిలోల 200 గ్రాములు, లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. దాణాలో ఇలా కలిపితే లవణం, ఉప్పు వేరేగా కొద్దిగా వేస్తే చాలు.

దాణా ఒక్కసారిగా పెంచొద్దు. అర కిలోతో మొదలుపెట్టి వారం, పది రోజుల్లో పెంచండి.

ఇవి చేయొద్దు

బూజు పట్టిన గడ్డి, చెక్క పెట్టొద్దు. అందులో విషం ఉంటుంది.
పెళ్ళిలో మిగిలిన అన్నం ఒకేసారి కుమ్మరించొద్దు. కడుపు చెడి ప్రాణం పోవచ్చు.
కోసిన జొన్న చేలో లేత పిలకలు మేపొద్దు. అవి విషం.
మందు కొట్టిన పత్తి చేలోకి తోలొద్దు.

చలి, నీళ్ళు

చల్లటి నీళ్ళు బర్రె సరిగా తాగదు. నీళ్ళు తాగకుంటే మేత కూడా తగ్గుతుంది. రాత్రంతా తొట్టిలో చల్లబడ్డ నీళ్ళు పారబోసి, ఎండ ఎక్కాక తాజా నీళ్ళు పెట్టండి. నల్లగొండ జిల్లాలో కొన్నిచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. అది పశువుల పళ్ళు, ఎముకలను కూడా పాడు చేస్తుంది. అక్కడ పశువులకూ మంచి నీళ్ళే పెట్టండి. కొట్టంలో గాలి తగిలే వైపు గోనె పట్టాలు కట్టండి. కింద పొడి గడ్డి పరవండి.

ఈనిన రోజు

దూడను గోనె గుడ్డతో తుడవండి. గంటలోపు ముర్రుపాలు తాపండి. "మాయ పడ్డాకే తాపాలి" అని కొందరు ఆగుతారు. ఆగొద్దు. దూడ 30 కిలోలుంటే మొదటి రోజు 3 లీటర్లు, కొంచెం కొంచెంగా తాపాలి. రోగాలను ఆపేవి ఆ పాలే.

12 గంటలైనా మాయ పడకపోతే డాక్టరును పిలవండి. బర్రె లేవలేక, చెవులు చల్లబడి, మెడ పక్కకు తిప్పి పడుకుంటే అసలు ఆలస్యం చేయొద్దు. అది పాలజ్వరం. వెంటనే కాల్షియం ఎక్కిస్తే సాధారణంగా లేస్తుంది.

మీరే లెక్క వేయండి

1. రోజుకు 2 కిలోల దాణా. 60 రోజులకు ఎన్ని కిలోలు? మీ ఊళ్ళో కిలో ధర ఎంత? మొత్తం ఎంతయింది?
2. ఈనాక రోజుకు 1 లీటరు పాలు ఎక్కువ వస్తే, 200 రోజులకు ఎన్ని లీటర్లు? పాల కేంద్రంలో లీటరుకు ఎంత ఇస్తున్నారు?
3. మీ బర్రె ఎప్పుడు కట్టింది? ఎప్పుడు ఈనుతుంది? తేదీ రాయండి.

రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. దాణా దండుగో, లాభమో మీ సంఘంలో మాట్లాడుకోండి.